రెండో మనిషి

కంటి పరీక్షకని ఈమధ్య నెల్లూరు వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉంటే ఎదుటి గోడ మీద అంటించిన కాగితం ఒకటి కనిపించింది. నీలం సిరాతో ఎవరో చేత్తో రాశారు. "తాగుడు మానుకోవాలనుకునే వాళ్ళం శనివారం సాయంత్రాలు ఈ పక్క గదిలో కలుసుకుంటున్నాం. మీరూ రావచ్చు. ఎవరూ ఏమీ అడగరు." కింద పేరు లేదు, సంతకం లేదు. నర్సు రెండుసార్లు నా పేరు పిలిచిందట. పక్కనున్నాయన భుజం తట్టి లేపాడు.

లోపల డాక్టరు అక్షరాల బోర్డు చూపించి చదవమన్నాడు. నా మనసు ఆ కాగితం మీదే ఉండిపోయింది. తెలుగులో రాసిన ఆ రెండు మూడు వాక్యాల కోసం ఒక మనిషి ఎంత దూరం పోయాడో నాకు తెలుసు. ఆయన చనిపోయి పాతికేళ్ళు దాటింది.

మా ఊళ్ళో ఆయన్ను అందరూ తండేలు అనేవాళ్ళు. పడవ నడిపే పెద్దను మా వైపు అట్లాగే అంటారు. అసలు పేరు నాకు తెలుసు గాని ఇక్కడ రాయను. ఆయన మనుమలు, మనుమరాళ్ళు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

యాభైల చివర నేను ఆ ఊరికి బడిపంతులుగా వెళ్ళాను. వాకాడుకు ఏడు మైళ్ళు, కాలువ ఒడ్డు. బడి ముందు గదిలోనే పోస్టాఫీసు. అదీ నేనే చూసేవాణ్ణి. ఊరికి రోడ్డు లేదు. రావాలన్నా పోవాలన్నా కాలువే. సరుగుడు కట్టె, ఉప్పు, శ్రీహరికోట అడవి నుంచి వచ్చే పొయ్యికట్టె అంతా పడవల మీద మద్రాసు పోయేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే ఒడ్డున నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. తండేలు పదేళ్ళ వయసు నుంచి ఆ తాడు లాగినవాడు. అందుకే ఆయన కుడిభుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి ఉండేది. చొక్కా వేసుకుంటే ఒకవైపు జారిపోయేది. "ఈ బుజం ఇంకా పడవకే కట్టుండాది" అనేవాడు.

మాట్లాడేటప్పుడు మన ముఖం చూడడు. మన వెనక ఎక్కడో దూరంగా చూస్తాడు. నీళ్ళు చూసీ చూసీ వచ్చిన అలవాటు అది. నా గదిలో కూర్చున్నా గోడను అట్లాగే చూసేవాడు, అక్కడేదో మలుపు రాబోతున్నట్టు. వయసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నన్ను "అయివారా" అని, అంటే పంతులుగారని, పిలుస్తూనే నువ్వు అనేవాడు. నన్నే కాదు, పడవ యజమానిని, కరణాన్ని, గుళ్ళో పూజారిని, ఎవరినైనా నువ్వే.

తాగినప్పుడు మాత్రం ఆయనకు ఎక్కడలేని మర్యాద వచ్చేది. అందరూ మీరు అయిపోయేవాళ్ళు. "తమరు కులాసానా అండీ?" అని కుక్కను పలకరించడం నేను నా చెవులతో విన్నాను. తిట్టడు, కొట్టడు, గోలచెయ్యడు. రెండు చేతులూ జోడించి, వంగి, ఊళ్ళో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి క్షమించమని అడిగేవాడు. ఎందుకు క్షమించాలో చెప్పేవాడు కాదు. జనానికి అదొక వినోదం. ఆయన భార్యకు మాత్రం ఆ మర్యాద వింటే భయం. "ఒసే అని పిలిస్తే ఆ పొద్దు అన్నం తింటామని అర్తం. ఏమండీ అన్నాడంటే పొయ్యి ఆర్పేస్తా" అని మా ఆవిడతో చెప్పిందట.

అది మద్యనిషేధం అమల్లో ఉన్న కాలం. కల్లు గీయకూడదు, సారా కాయకూడదు, తాగితే నేరం. కాని సరుగుడు తోపుల్లో బానలు ఉడుకుతూనే ఉండేవి. కట్టె కింద దాచి పడవల మీద సరుకు పోతూనే ఉండేది. అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. బడికి రాని పిల్లవాణ్ణి ఎందుకు రాలేదని అడిగితే "మా నాయనకు ఒంట్లో బాగలేదు సార్" అనేవాడు. ఆ మాటకు అర్థం తెలుసుకోడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మానాలని తండేలు ప్రయత్నించని రోజు లేదు. కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టాడు. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నాడు. భార్య తలమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. ఆమె తర్వాత ఆ చెయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు, "నా తల ఎన్ని ఒట్లు మొయ్యాల" అని. ఆయన జబ్బకు నాలుగు తాయెత్తులు ఉండేవి. ఏది ఎక్కడిదో వరసగా చెప్పేవాడు. చివరికి ఒక మాట అనేవాడు: "రేపట్నించి, అయివారా."

లాకు దగ్గర ప్రమాదం జరిగింది నేను వెళ్ళిన రెండో ఏడు. కాలువలో నీళ్ళ ఎత్తు మారేచోట లాకు ఉంటుంది. రెండు రాతి గోడల మధ్య పడవను నిదానంగా దూర్చాలి. తండేలు చుక్కాని దగ్గర ఉన్నాడు, తాగి ఉన్నాడు. పడవ అడ్డం తిరిగింది. ముందువైపు నిలబడి గోడను నెట్టి ఆపబోయిన ఆయన బావమరిది కుడిచెయ్యి పడవకూ రాతికీ మధ్య పడి నలిగింది. గూడూరు ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళి కుదిరినవాడు. పెళ్ళి ఆగిపోయింది. అప్పట్నుంచి అక్క ఇంట్లోనే, అంటే తండేలు ఇంట్లోనే ఉండిపోయాడు. ఎడమచేత్తో అన్నం తినేవాడు. బావను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఇద్దరూ ఒకే పంచలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. బావమరిది లేచిపోయేదాకా తండేలు కంచం ముట్టేవాడు కాదు.

ఆ తర్వాత తాగుడు తగ్గుతుందనుకున్నారు అందరూ. పెరిగింది.

ఊళ్ళో ఒక మోతుబరికి మద్రాసు నుంచి ఇంగ్లీషు పత్రిక పోస్టులో వచ్చేది. ఆయనకు పంపే లోపల నేను కాగితపు చుట్ట జారించి చదివేసి మళ్ళీ తొడిగేవాణ్ణి. తప్పే. ఆ ఊళ్ళో నాకు వేరే లోకం లేదు. అట్లా చదువుతుంటే ఒకరోజు లోపలి పేజీలో మూడు వరసల చిన్న ప్రకటన కనిపించింది. తాగుడు వదల్లేక బాధపడుతున్నవాళ్ళు కొందరు వారానికోసారి కలుస్తున్నారు, సాయం కావలసినవాళ్ళు ఫలానా పోస్టుబాక్సు నంబరుకు రాయండి అని. తండేలుకు చెప్పాను.

"ఎవురుంటారు ఆడ? డాకటర్లా?"

"కాదు. తాగేవాళ్ళే."

ఆయన గోడను చాలాసేపు చూశాడు. "తాగుబోతులంతా ఒకచోట జేరి తాక్కుండా ఎట్టుంటారు? నువ్వు సరింగా చదివినావా?"

ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. హార్బరు దగ్గర ఒక చర్చి వెనక గది, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. ఎవరైనా రావచ్చునట. ఆ కార్డును తండేలు తీసుకుపోయి, రెండు రోజుల తర్వాత తిరిగి తెచ్చి, "నువ్వు గూడా రా అయివారా. వాళ్ళు ఇంగిలీసులో తిడితే నాకు తెలవదు" అన్నాడు.

మద్రాసుకు పడవ మీద వందల సార్లు పోయిన మనిషి, రైలు మొదటిసారి ఎక్కాడు. గూడూరులో ఎక్కిన దగ్గర్నుంచి కిటికీ చువ్వ వదల్లేదు. చేతులు వణుకుతున్నాయి. అప్పటికి మూడు రోజులుగా తాగలేదు. ఒళ్ళంతా చెమట. "దీనికి చుక్కాని యాడుంటది?" అని అడిగాడు. లేదు, పట్టాలే తీసుకుపోతాయి అన్నాను. "అయితే డైవరు తాగినా ఫరవాలేదు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు గాని ఇద్దరమూ నవ్వలేదు.

ఆ గదిలో ఏడుగురున్నారు. ఓడ ఇంజనీరు ఒక తెల్లాయన, ఇద్దరు గుమాస్తాలు, ఒక ముసలి సిపాయి, కళ్ళద్దాల పెద్దావిడ ఒకామె, మూల కూర్చున్న ఒక కుర్రవాడు, రైలింజను డ్రైవరు ఒకాయన. డ్రైవరు ఆంగ్లో ఇండియన్. పెద్ద పొట్ట, కాలిన మోచేతులు. టీ కెటిల్ దగ్గర ఆయనే ఉన్నాడు. తండేలుకు తమిళం వచ్చని తెలియగానే పక్కన కూర్చుని ఒక్కో మాటా తమిళంలోకి మార్చి చెవిలో చెప్పసాగాడు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, నేను తాగుబోతుని అని చెప్పి, తమ సంగతి చెప్పారు. కళ్ళద్దాలావిడ లేచినప్పుడు తండేలు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆడమనిసి గూడానా?" ఆమె ఏదో చెబుతుంటే అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. నవ్వుతూ ఈ మాట చెప్పుకోవచ్చునని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఆయన వంతు వచ్చింది. లేచాడు. పేరు చెప్పాడు. "నేను తాగుబోతుని" అని తెలుగులోనే అన్నాడు. ఆ తర్వాత, ఆయన్ను ఎరిగిన అన్నేళ్ళలో మొదటిసారి, ఎదుట ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ మాట్లాడాడు.

"నా పెళ్ళాం తమ్ముడి చెయ్యి లాకుగోడ కాడ నలిగింది. నేనే నలిపినా. పడవలో ఉండే అందురికీ ఆ సద్దు ఇనపడిందంట. గట్టుమీద మేకలు తోలుకునే ముసిలిదానికి ఇనపడిందంట. నేను పక్కనే ఉండా, నాకు ఇనపళ్ళా. అది ఎట్టాంటి సద్దో నాకు తెలవదు. పొద్దన లేసినకాణ్ణించి అదే ఇనాలని చూస్తా. ఇనపడదు. ఇనపడేదాకా నాకు నిదర లేదు. అందుకని తాగతా."

కూర్చున్నాడు. అందరూ నావైపు చూశారు, ఇంగ్లీషులో చెబుతానని. నాకు ఆ భాష అంతంత మాత్రం. వచ్చినా చెప్పగలిగేవాణ్ణి కాదు. "పడవ ప్రమాదంలో చుట్టానికి దెబ్బ తగిలింది, అందుకు బాధపడుతున్నాడు" అన్నాను. వాళ్ళు తలలూపారు. ఆ మనిషి జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని నేను అట్లా చేశాను. డ్రైవరు మాత్రం నన్ను పట్టించుకోకుండా, తండేలు మోకాలి మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

బయటికి వస్తుంటే డ్రైవరు ఆయనకు తమిళంలో ఒక మాట చెప్పాడు. ఇక్కడికి రాలేని వారాల్లో మీ ఊళ్ళోనే కూర్చో, ఇద్దరు తాగుబోతులు తాగకుండా కూర్చుంటే అదే మీటింగు, రేపటి సంగతి ఎత్తకు, ఈ రోజు చాలు అని. తిరుగు రైల్లో తండేలు చువ్వ పట్టుకోలేదు. "రెండో మనిసి ఉంటే సాలంట అయివారా. ఇద్దురే" అని గూడూరు దాకా అదే చెప్పాడు.

ఆ తర్వాత చాలా కాలం ఆయన తాగలేదు. మద్రాసు పోయే ప్రతిసారీ ఆదివారానికి అక్కడ ఉండేట్టు పడవ తోలేవాడు. గాలి లేకపోతే తనే దిగి తాడు భుజాన వేసుకునేవాడు. ఆయన భార్య పొద్దున్నే "ఒసే" అన్న కేక వింటే నీళ్ళబిందె దగ్గర నిలబడి ముఖం తిప్పుకునేదట, నవ్వు కనిపించకుండా.

ఊళ్ళో ఉన్న ఆదివారాల్లో మా బడి వరండాలో కూర్చోవచ్చా అని అడిగాడు. సరే అన్నాను. తాటిచెక్కతో చేసిన రెండు పీటలు ఇంటి నుంచి తెచ్చుకుని, నాలుగు గంటలకు ఒకదాని మీద కూర్చునేవాడు. ఇంకోటి ఎదురుగా వేసేవాడు. మద్రాసులో వాళ్ళు కూర్చునే వేళకే కూర్చోవాలని ఆయన పట్టుదల. గంటసేపు కూర్చుని, లేచి, పీటలు చంకలో పెట్టుకుని పోయేవాడు. మా ఊళ్ళో తాగేవాళ్ళు ముప్పైమందికి తక్కువ లేరు. ఒక్కడూ రాలేదు. ఎట్లా వస్తారు? ఆ పీట మీద కూర్చోవడమంటే నేరం చేశానని ఊరందరి ఎదుటా ఒప్పుకోవడం.

ఐదో వారమో ఆరో వారమో దర్జీ సాయిబు వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి. పొద్దస్తమానం లవంగాలు నములుతుండేవాడు. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. "అయివారూ, పోస్టుకార్డు ఉందా?" అన్నాడు.

"ఆదివారం గదా సాయిబూ, పోస్టాఫీసు లేదు."

"అవును గదా" అన్నాడు. కాని పోలేదు. వరండా మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. తండేలు ఆయన్ను చూడలేదు, ఎప్పట్లాగే దూరంగా ఎటో చూస్తున్నాడు. కాసేపటికి సాయిబు ఎక్కి రెండో పీట మీద కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. మాటలు మాత్రం వినపడ్డాయి.

"బేస్తవారం తాగినా" అన్నాడు సాయిబు.

"ఎంత?" అని తండేలు. వెంటనే, "కాదులే, అట్టా అడక్కూడదు. డైవరు దొర అడగడు. తప్పు."

సాయిబు లవంగం కొరికిన చప్పుడు.

"నమాజుకి ముందు వరసలో నిలబడతా. ఇమాము నోరు వాసన చూస్తాడేమోనని వొణుకు. ముప్పై ఏళ్ళ వొణుకు తండేలా. బట్ట కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి తీస్తా."

"నేను నిన్న తాగలా. ఇయ్యాల తాగలా."

"రేపు?"

"రేపు సంగతి ఎత్తకూడదంట."

పదకొండు ఆదివారాలు వాళ్ళిద్దరూ అట్లా కూర్చున్నారు. సాయిబు మధ్యలో రెండుసార్లు తాగాడు, వచ్చి చెప్పాడు. తండేలు ఎప్పట్లాగే పీట వేశాడు. నేను ఆ తలుపు వెనక పిల్లల కాపీలు దిద్దుకుంటూ, ఇంత చిన్న విషయం పని చేస్తుందా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. పని చేసింది, పదకొండు వారాలు.

పన్నెండో ఆదివారం పోలీసు హెడ్డు కాలువగట్టు వెంబడి సైకిలు మీద వచ్చాడు. తాగేవాళ్ళు బడి దగ్గర గుంపు కడుతున్నారని ఎవరో చెప్పారట. పుస్తకం తీశాడు.

"నువ్వేంది ఈడ?" అన్నాడు సాయిబుతో.

"పోస్టుకార్డు కోసమొచ్చినా సార్."

"ఆదివారమా?"

సాయిబు నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. హెడ్డు పొమ్మన్నాడు. సాయిబు మెట్లు దిగి, తండేలు వైపు చూడకుండా పోయాడు.

"నువ్వు?"

తండేలు లేచి నిలబడ్డాడు. ఆయనా ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. ఊళ్ళో అందరూ చెప్పేదే, కార్డు కోసమనో, ఉత్తరం చదివించుకోడానికనో. కాని ఈ మాట దాచకుండా చెప్పడం ఆయన మద్రాసులో నేర్చుకున్నాడు. హెడ్డు ముఖం చూస్తూ, "నేను తాగుబోతుని" అన్నాడు.

హెడ్డు రాసుకున్నాడు. "యాడ తాగతావు? ఎవురు పోస్తారు?"

"తాగి ఎనిమిది నెల్లయింది. ఎవురి పేరూ చెప్పను. నా పేరు రాసుకో."

స్టేషనులో రెండు రోజులు ఉంచారు. వచ్చినప్పుడు ఎడమచెవి వాచి ఉంది. ఆ చెవి తర్వాత సరిగా వినపడలేదు. వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. పోస్టాఫీసు ఆవరణలో నిషేధ నేరస్తులను చేరనిచ్చారన్న ఫిర్యాదుకు సంజాయిషీ ఇవ్వమని. అప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. మూడో కాన్పుకు నా భార్య పుట్టింట్లో ఉంది. తండేలు ఆదివారం పీటలు పట్టుకుని వస్తే వరండా మెట్ల దగ్గరే ఆపాను.

"ఈడ వద్దు తండేలా. ఉద్యోగం పోతుంది."

ఆయన అర్థం చేసుకోడానికి కాసేపు పట్టింది. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అన్నాను. "ఇనపడింది" అన్నాడు. "నీదేం తప్పు లేదులే అయివారా." పీటలు రెండు చంకల్లో పెట్టుకుని పోయాడు. నా తప్పు లేదని ఆయన అన్న మాటను చాలా ఏళ్ళు సాక్ష్యంలాగా దాచుకున్నాను. ఇప్పుడు అది కూడా పనిచెయ్యడం లేదు.

తర్వాత ఆయన లాకు గట్టు మీద కూర్చునేవాడు, ఒక్కడే. సాయిబు ఆయన ఎదురుపడితే సందు మార్చుకునేవాడు. కొన్నాళ్ళకు కొట్టు మూసి కూతురి ఊరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కాలువ మేట వేసింది. తీసేవాళ్ళు లేరు. రోడ్డు వేశారు, కట్టె లారీల మీద పోవడం మొదలైంది. తండేలు నడిపే పడవను యజమాని విప్పించి చెక్క అమ్ముకున్నాడు. పడవ లేని తండేలుకు మద్రాసులో ఏం పని? రెండుసార్లు రైల్లో పోయివచ్చాడు. మూడోసారి పోలేదు.

ఒకరోజు బడి వదిలే వేళకు గుమ్మంలో నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. "తమరు కులాసాగా ఉండారా అండీ?" అన్నాడు. పిల్లలు నవ్వారు. పొయ్యి ఆర్పేస్తానని ఆయన భార్య చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది.

మర్నాడు మామూలుగా వచ్చి, డ్రైవరుకు ఉత్తరం రాయమన్నాడు. ఏం రాయాలి అంటే, "మళ్ళా తాగినా, రావొచ్చునా అని రాయి. అంతే" అన్నాడు. రాశాను. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు. అప్పట్నుంచి రోజూ టపా సంచి వచ్చే వేళకు వచ్చి నిలబడేవాడు. సంచి విప్పేదాకా ఉండి, లేదు అంటే వెళ్ళిపోయేవాడు. నెల దాటాక ఆ ఉత్తరమే తిరిగి వచ్చింది. కవరు మీద ఎవరో ఇంగ్లీషులో రాశారు, కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోయారని.

"అది ఏ రేవు కాడ?" అని అడిగాడు.

"సముద్రాల అవతల తండేలా."

"ఓహో." కవరు తీసుకుని, చించకుండా, మడిచి నడుమున దోపుకున్నాడు. ఆ చర్చి గదిలో మిగతావాళ్ళు ఉంటారు గదా, వాళ్ళకు రాద్దాం అన్నాను. "వాళ్ళకి నా మాట తెలవదు గదయ్యా" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నదే చెప్పాడు.

ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేదు. చివరికి కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, మంచం పట్టాడు. చూడ్డానికి వెళితే ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, "సాయిబు బాగుండాడా?" అని. నాకు సాయిబు సంగతి తెలియదు. బాగున్నాడనే చెప్పేవాణ్ణి. "తాగతుండాడా?" అంటే లేదనేవాణ్ణి. ఎండాకాలం ముదిరే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, భార్య గంజి కాస్తుండగా పోయాడు.

పదిహేను రోజుల తర్వాత బావమరిది పోస్టాఫీసుకు వచ్చాడు. నేను ఉత్తరాలకు ముద్రలు వేస్తున్నాను. ఎవరూ లేరు. అంతకుముందు ఆయన ఎన్నడూ మా గడప తొక్కలేదు. కార్డు కావాలా అన్నాను. వద్దని తలూపి, తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. తెగిన చేతిని తుండుగుడ్డతో కప్పుకున్నాడు. కూర్చున్న కాసేపటికి నాకు వాసన వచ్చింది.

"నేను గూడా తాగతా అయివారూ" అన్నాడు. "చెయ్యి పోయిన ఏడే మొదులు పెట్టినా. బావ మద్రాసుకి పడవ తోలినప్పుడు తాగేవాణ్ణి. ఆయన ఈడున్నప్పుడు తోపులోకి పోయి తాగొచ్చి పడుకునేవాణ్ణి. అక్కకి తెలుసు. ఆయనకి తెలవదు."

నేను ముద్ర బల్ల మీద పెట్టాను.

"ఆదివారాలు పీటలు తీసకపోతా, నువ్వు గూడా తోడు రారా, ఊరికే కూచో అనేవాడు. నేను పోలా."

"ఎందుకు పోలేదు?"

"పోతే చెప్పాల గదా, నేను గూడా తాగతానని. చెప్తే అది గూడా ఆయన నెత్తినేసుకోడా? ఉండేదే మొయ్యలేకుండా ఉండె."

ఎడమచేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఏడవడం లేదు, చెమట. బయట టపా మనిషి సైకిలు ఆనించిన చప్పుడయింది. "ఆ మద్రాసు రూము ఇంకా ఉండాదా?" అని అడిగాడు. తెలియదన్నాను. రాసి కనుక్కుంటానన్నాను. సరేనని లేచి, టపా మనిషికి దారి ఇచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు. ఆయన కూడా మళ్ళీ రాలేదు. నాకు బదిలీ అయ్యేదాకా, కాలువగట్టున ఎదురైనప్పుడల్లా తల వంచుకుని, "కులాసానా అయివారూ" అని పలకరించి దాటిపోయేవాడు. నేనూ కులాసానే అనేవాణ్ణి.